బాపుతో వెండి గనుల ఊళ్లకు: మెక్సికోలో పది రోజులు

మా బాపు మందమర్రిలో ముప్పై ఆరేళ్లు బొగ్గుబాయి పని చేశాడు. బదిలీ ఫిల్లరుగా, అంటే పర్మనెంటు కాకుండా బొగ్గు నింపే కూలీగా చేరి, టింబర్‌మన్‌గా రిటైరయ్యాడు. టింబర్‌మన్ అంటే బాయిలో రూఫ్ కూలి మనుషుల మీద పడకుండా దుంగలు నిలబెట్టేవాడు. మేం వెళ్లినప్పుడు ఆయనకు 68. 2024 నవంబరులో అమ్మా, ఆయనా డాలస్‌లో మా ఇంటికి వచ్చారు. జనవరి వచ్చేసరికి ఆయనకు పొద్దుపోవడం కష్టమైంది. మా ఆఫీసులో పనిచేసే, మెక్సికోలోని గ్వానాహ్వాతో అనే ఊరి అమ్మాయి ఒకామె తన ఊరి వీడియో పంపితే బాపుకు చూపించాను. ఊరంతా కొండల మీద, దారులేమో ఊరి కింద సొరంగాల్లో. మూడుసార్లు చూసి, "పోదాం పా బిడ్డా" అన్నాడు. నాకు ఊహ తెలిశాక ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆ రాత్రే టికెట్లు వెతికాను.

వీసా గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్తాను. మన పాస్‌పోర్టుకు మెక్సికో వీసా కావాలి కానీ, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే అక్కర్లేదు. నాకు పాస్‌పోర్టులో హెచ్‌1బి అనే ఉద్యోగ వీసా స్టాంపింగ్ ఉంది, బాపుకు పదేళ్ల విజిటర్ వీసా ఉంది. అందుకే ఏ కాన్సులేటుకూ తిరగలేదు. నన్ను అసలు భయపెట్టింది వేరే సంగతి. అమెరికా ప్రభుత్వ ప్రయాణ హెచ్చరికల్లో మేము వెళ్లాలనుకున్న సకతేకస్ రాష్ట్రం "వెళ్లవద్దు" అనే జాబితాలో ఉంది. రెండు వారాలు ఆలోచించాను. చివరికి కొన్ని నియమాలు పెట్టుకున్నాను: కారు అద్దెకు తీసుకోం, పగటి బస్సుల్లో టోల్ రోడ్ల మీదే వెళ్తాం, చీకటి పడకముందే హోటల్ చేరతాం, ఊరి నడిబొడ్డు దాటి తిరగం. మాకేమీ కాలేదు. అలాగని ఇంకొకరికి ధైర్యంగా వెళ్లమని చెప్పలేను, ఎవరికి వారు ఆలోచించుకోవాల్సిందే. అమ్మ మోకాళ్ల నొప్పులని పాపతో ఇంట్లోనే ఉండిపోయింది.

2025 ఫిబ్రవరి 14, శుక్రవారం. విమానాశ్రయంలో చెకిన్ దగ్గరే మొదటి చిక్కు. కౌంటర్లో ఉన్నాయనకు ఇండియా పాస్‌పోర్టుతో మెక్సికో వీసా లేకుండా పంపొచ్చో లేదో తెలియలేదు. ఫోన్ చేశాడు, ఇంకొకరిని పిలిచాడు. నలభై నిమిషాలు పక్కన నిలబెట్టారు. నేను మెక్సికో ప్రభుత్వ పేజీని స్పానిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ ప్రింటు తీసి పెట్టుకోవడం వల్ల పని జరిగింది. ఫోన్లో చూపిస్తే ఎవరూ చూడరు, కాగితం ఇస్తే చదువుతారు. బాపు మాత్రం అంతసేపూ తన తప్పేదో ఉన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది చూసి నాకు కడుపులో దేవినట్టయింది.

విమానం రెండుంపావు గంటలు. లియోన్ దగ్గరి విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ లైను గంటా పది నిమిషాలు. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్ అడిగారు, స్టాంపు వేశారు. అక్కడి నుంచి గ్వానాహ్వాతోకు టాక్సీ ముప్పై ఐదు నిమిషాలు, 650 పెసోలు. మేము వెళ్లినప్పుడు డాలరుకు ఇరవై పెసోల దగ్గర ఉంది.

ఊళ్లోకి వెళ్లడం ఎలా ఉంటుందంటే, టాక్సీ కొండ వైపు పోయి పోయి ఒక సొరంగంలో దూరింది. లోపల మలుపులు, కూడళ్లు, బస్ స్టాపులు, నడిచిపోయే మనుషులు. ఒకప్పుడు ఊరి నడుమ పారిన నది దారి అది. వరదలు తట్టుకోలేక నదిని మళ్లించి, ఆ దారిని రోడ్డు చేశారు. మిగతా సొరంగాలు తర్వాత తొలిచినవి. ఫోన్లో మ్యాపు పనిచేయడం మానేసింది. బాపు అద్దం దించి తల బయటపెట్టి పైకి చూస్తున్నాడు. "సపోర్టులు ఏవి?" అన్నాడు. రాతి కమాన్లు ఉన్నచోట తల ఊపాడు. ఉత్త కొండరాయి ఉన్నచోట మాత్రం మేం బయటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

శనివారం ఊరు తిరిగాం. మెట్లు, సందులు, ఎక్కడమూ దిగడమే. ఊరి ఎత్తు రెండు వేల మీటర్లు. బాపు కంటే ముందు నేనే ఆయాసపడ్డాను. అలొందిగా అనే పెద్ద ధాన్యపు కొట్టు దగ్గర చాలాసేపు ఉన్నాం. 1810 సెప్టెంబరు 28న స్పెయిన్ పాలన మీద తిరగబడ్డ సైన్యం దాన్ని ముట్టడించింది. పీపిలా అనే గని కార్మికుడు రాతిపలకను వీపు మీద కట్టుకుని, తుపాకీ గుళ్ల మధ్య పాక్కుంటూ వెళ్లి తలుపుకు నిప్పు పెట్టాడని చెప్తారు. ఆ తర్వాత స్పానిష్ పాలకులు ఆ తిరుగుబాటు నాయకుడు ఇదాల్గో, మరో ముగ్గురు నాయకుల తలలు ఇదే భవనం నాలుగు మూలలా ఇనుప బోనుల్లో వేలాడదీశారు. అవి 1821 దాకా అక్కడే ఉన్నాయి. ఆ మూలలు చూసి బాపు ఏమీ అనలేదు. కొండ మీది పీపిలా విగ్రహం దగ్గరికి కేబుల్ రైలు ఉన్నా, మెట్ల మీద నడిచే వస్తానన్నాడు. పైకెక్కి విగ్రహం పాదాల దగ్గర కూర్చున్నాక, "బాయిపనోనికి ఇంత పెద్ద బొమ్మ పెట్టిండ్రు" అన్నాడు. గొంతులో ఏదో ఉంది. నేను అటు చూడలేదు.

మధ్యాహ్నం ఊరి బయట పాత బంగళా తోటలకు వెళ్లాం. ఇప్పుడు పూలతోటలు, పెళ్లి ఫొటోలు. వెండి తీసే రోజుల్లో అది ఖనిజాన్ని శుద్ధిచేసిన చోటు. ఖనిజాన్ని పిండిగా దంచి, నీళ్లతో బురద చేసి, రాతి పరుపు మీద పరిచి, ఉప్పూ పాదరసమూ కలిపి, కంచరగాడిదలతో వారాల తరబడి తొక్కించేవారట. వెండి పాదరసాన్ని పట్టుకుంటుంది, తర్వాత కాలిస్తే పాదరసం ఆవిరైపోయి వెండి మిగులుతుంది. ఈ పద్ధతిని 1550ల్లో పచూకాలో బర్తొలొమె దె మెదీనా అనే వర్తకుడు అమల్లో పెట్టాడు. గైడు స్పానిష్‌లో చెప్తుంటే ఫోన్లో అనువాదం చేసి బాపుకు చెప్పాను. అన్నీ విని ఆయన అడిగింది ఒక్కటే: "ఆ బురదలకు మనుషులు గూడ దిగిండ్రా?" గైడు తల ఊపింది.

ఆదివారం వలెన్సియానా గనికి. ఊరి నుంచి లోకల్ బస్సులో పావుగంట. 1788లో పూర్తయిన సాన్ కయెతానో గుడి అక్కడే ఉంది, లోపల నేల నుంచి పైదాకా బంగారు పూత చెక్కడాలు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే బాపు పది నిమిషాల్లో బయటికి వచ్చి గని నోటి దగ్గర నిలబడ్డాడు. ఒకప్పుడు ఈ గని ప్రపంచంలోనే పెద్ద వెండి గనుల్లో ఒకటి. బావి లోతు ఐదు వందల మీటర్ల పైన. 1803లో హంబోల్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి, ఖనిజం మోసే కూలీల గురించి రాశాడు. వాళ్లను తెనతేరోలు అనేవారు. వంద కిలోలకు పైబడిన బరువు వీపున వేసుకుని, వేల మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆరేసి గంటలు పనిచేసేవారట. నిచ్చెన అంటే మన నిచ్చెన కాదు. ఒకే దుంగకు పాదం పట్టేంత గాట్లు కొట్టి నిలబెట్టేది. గని మ్యూజియంలో అలాంటిది ఒకటి చూశాం. బాపు గాట్లలో చెయ్యి పెట్టి కొలిచాడు. నాలుగు వేళ్లు లోతు. అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. చెప్పు విప్పి ఒక గాటులో పాదం పెట్టి చూశాడు. కాపలా ఉన్నాయన ఏమంటాడోనని నాకు టెన్షన్. ఆయన దగ్గరికొచ్చి, బాపు చేతులు చూసి, "మినేరో?" అన్నాడు. గని మనిషివా అని. బాపుకు ఆ ముక్క అర్థమైంది. ఇద్దరూ చెయ్యి కలిపారు. టికెట్ ఇద్దరికీ కలిపి వంద పెసోలు కూడా కాలేదు.

ఆ పూట తిన్నది ఎంచిలాదాస్ మినేరాస్. గని వాళ్ల తిండి అని పేరు. మిరపకాయ రసంలో ముంచిన మొక్కజొన్న రొట్టెలు, పైన వేయించిన ఆలుగడ్డ, క్యారెట్. బాపు ఆ ట్రిప్పులో కడుపునిండా తిన్న తిండి అదే.

17 సోమవారం ప్రయాణం. గ్వానాహ్వాతో బస్టాండు ఊరి బయట ఉంటుంది, దానికి టాక్సీ కావాలి. అక్కడి నుంచి లియోన్ గంట, లియోన్‌లో గంటన్నర వెయిటింగ్, ఆపై సకతేకస్‌కు నాలుగున్నర గంటలు. ఇద్దరికీ కలిపి సుమారు 1,100 పెసోలు. బస్సులు మన వోల్వోల కంటే బాగున్నాయి. ఎక్కేటప్పుడు బ్యాగులు చూశారు. ఒకచోట నేషనల్ గార్డ్ వాళ్లు బస్సు ఆపి ఎక్కారు. తుపాకులు చూడగానే నా చేతులు చల్లబడ్డాయి. రెండు నిమిషాల్లో దిగిపోయారు. సోమవారాలు చాలా మ్యూజియాలు మూసి ఉంటాయి, కాబట్టి ప్రయాణం సోమవారం పెట్టుకోవడం మంచిదైంది.

సకతేకస్ ఎత్తు 2,400 మీటర్ల పైనే. ఆ రాత్రి బాపుకు తలనొప్పి, నిద్ర పట్టలేదు. గదిలో హీటరు లేదు, బయట చలి గడ్డకట్టేలా ఉంది. రెండు రగ్గులు కప్పుకున్నా వణుకుతున్నాడు. అర్ధరాత్రి ఒంటిగంటకు బీపీ మిషన్ పెడితే 168 మీద 98. ఈయన్ని ఇంత దూరం ఎందుకు లాక్కొచ్చానా అని మంచం పక్కన కింద కూర్చుని ఏడ్చాను. అమ్మకు ఫోన్ చేయలేదు.

పొద్దున హోటలామె చెప్పింది: ఇక్కడ మందుల షాపులకు ఆనుకుని చిన్న డాక్టరు గది ఉంటుంది, అపాయింట్‌మెంట్ అక్కర్లేదని. వెళ్లాం. ఇరవై ఐదు నిమిషాలు కూర్చున్నాం. డాక్టరమ్మ బీపీ, ఆక్సిజన్ చూసింది. ఎత్తు వల్లే, ఒకరోజు విశ్రాంతి, నీళ్లు బాగా తాగాలి, రోజూ వేసుకునే మాత్ర మానొద్దు అంది. ఫీజు 60 పెసోలు, అంటే మూడు డాలర్లు. రెండోసారి అడిగి నిర్ధారించుకున్నాను. మంగళవారమంతా గదిలో, సందు చివరి ఎండలో బెంచీ మీద గడిపాం. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బీపీ మిషను పెట్టుకోండి, ఎత్తు ఊళ్లో మొదటి రోజు ఏ పనీ పెట్టుకోకండి. వెనకాల రెండు రోజులు రెండు వేల మీటర్ల ఎత్తులోనే ఉన్నాం కదా, చాలనుకున్నాను. చాలలేదు.

19 బుధవారం మీనా ఎల్ ఎదెన్. ఇది ఊరి మధ్యలోనే ఉన్న గని. 1586లో మొదలై 1960ల దాకా నడిచింది. సకతేకస్‌లో వెండి బయటపడింది 1546లో. ఊరు పుట్టిందే దాని కోసం. హెల్మెట్ ఇచ్చి, చిన్న రైలెక్కించి లోపలికి తీసుకెళ్లారు. గైడు స్పానిష్‌లోనే చెప్పాడు. లోపల సిగ్నల్ రాదు. ముందురోజు రాత్రే ఫోన్లో స్పానిష్ డౌన్‌లోడ్ చేసుకున్నాను, అది లేకపోతే ఏమీ అర్థమయ్యేది కాదు.

రైలు దిగగానే బాపు మారిపోయాడు. నడక మారింది. మోకాళ్లు కొంచెం వంచి, పాదం చదునుగా వేస్తూ, తల ఎడమకు వంచి. నేను పుట్టినప్పటి నుంచి ఆయన్ని ఎరుగుదును కానీ ఈ నడక చూడలేదు. మా ఊళ్లో ఆడపిల్లలు బాయి గేటు దాకా కూడా వెళ్లేవాళ్లం కాదు. జనం ముందుకు పోతుంటే ఆయన వెనక ఆగి, నా చేతిలోని గొడుగు తీసుకుని దాని పిడితో పైరాయిని కొట్టాడు. టంగ్ టంగ్‌మని గట్టి శబ్దం. రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ కొట్టాడు. చెవి పెట్టి విన్నాడు.

"ఇట్ల మోగితె మంచిది. డొల్లగ డబ్బుమంటె పెచ్చు లేసినట్టు. అప్పుడు ఎనుకకు రావాలె, ఎవ్వడు ఏమన్న సరే."

"రోజూ కొట్టి చూసేవాడివా బాపు?"

"దుంగ పెట్టే ముందు, పెట్టినంక."

తర్వాత ఆయనే వివరించాడు. బొగ్గు పొరలుగా ఉంటుంది, దాని పైన ఉండేది మెత్తటి రాయి, ఆపకపోతే దిగుతుంది. ఇక్కడిది గట్టి రాయి, తనంతట తాను నిలబడుతుంది. వెండి తీగ నిలువుగా పోతుంది కాబట్టి, దాని వెంటే తవ్వుకుంటూ పోతే గోడల మధ్య సన్నటి చీలిక మిగులుతుంది. వేలాడే వంతెన మీద నిలబడి కిందికి చూస్తే ఆ చీలిక కనిపించింది. పైకి చూస్తే చీకటి, కిందికి చూస్తే నల్లటి నీళ్లు. కింది అంతస్తులన్నీ మునిగిపోయాయి. ఒక మూల సాంతో నీన్యో అనే బాలయేసు మందిరం ఉంది, గని వాళ్ల దేవుడు. బాపు హెల్మెట్ తీసి దండం పెట్టుకున్నాడు. మా ఊళ్లో బాయి దిగే ముందు మైసమ్మకు మొక్కినట్టే.

గంటంబావు లోపల ఉన్నాం. బయటికొచ్చాక బాపు, "ఉక్కపోత లేదు, బూడిద లేదు. మంచి బాయి" అన్నాడు. కాసేపాగి, "ఇప్పుడు మంచిది" అన్నాడు. గైడు చెప్పిన మాటలు నేను అప్పటికే చదివి వినిపించాను. పిల్లలతో కూడా పని చేయించారని, స్థానిక తెగల వాళ్లను పట్టి తెచ్చారని.

కేబుల్ కారులో బుఫా కొండ మీదికి వెళ్దామనుకున్నాం. గాలి ఎక్కువని ఆపేశారు. గంట చూసి టాక్సీలో వెళ్లాం, 100 పెసోలు. పైనుంచి ఊరంతా గులాబీరంగు రాయి. ఊరి గురించి పుస్తకాల్లో గొప్పగా రాసేది కెథడ్రల్ ముందుభాగం చెక్కడం. నిజంగానే అద్భుతం. సాయంత్రం ఒక మ్యూజియంలో స్పెయిన్ పాలన నాటి ఎనిమిది రియాళ్ల వెండి నాణెం చూశాను. ఈ గనుల వెండే ఆ నాణేలై ఓడలెక్కింది. మచిలీపట్నం రేవులో డచ్చివాళ్లు, ఇంగ్లిష్‌వాళ్లు మన నేతగాళ్ల గుడ్డలు కొన్నది ఎక్కువగా వెండి పోసే, అందులో ఈ నాణేలూ ఉన్నాయి. అద్దం వెనక ఆ చిన్న బిళ్ల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. అలాంటి గాట్ల దుంగల మీదుగా ఎక్కిన వెండి మన కృష్ణా తీరానికి చేరింది.

20న సాన్ లూయిస్ పొతొసీకి మూడు గంటలు, అక్కడి నుంచి మతెవాలాకు మరో రెండున్నర. రాత్రి అక్కడే. 21 పొద్దున రియాల్ దె కతోర్సె బస్సు. చివరి పాతిక కిలోమీటర్లు రాళ్లు పరిచిన రోడ్డు, పళ్లు టకటకలాడాయి. కొండ ముందు బస్సు ఆగిపోయింది. ఒగార్యో సొరంగం 2.3 కిలోమీటర్లు, 1901లో తెరిచారు, ఒక్క బండి పట్టేంత వెడల్పు. ఆ చివర, ఈ చివర మనుషులు మాట్లాడుకుని ఒకవైపు బండ్లనే వదులుతారు. పెద్ద బస్సు పట్టదు, అందరూ దిగి చిన్న బస్సులోకి మారాలి. నలభై ఐదు నిమిషాలు ఆగాం. వారాంతమైతే గంటల తరబడి ఆగాలట. లోపల బాపు ఈసారి ఏమీ అడగలేదు, నా చెయ్యి పట్టుకున్నాడు.

అవతల 2,700 మీటర్ల ఎత్తున సగం కూలిన ఊరు. వెండి ధర పడిపోయాక, మెక్సికో విప్లవం వచ్చాక జనం వెళ్లిపోయారు. వేలమంది బతికిన ఊళ్లో ఇప్పుడు కొన్ని వందల ఇళ్లకే పైకప్పులున్నాయి. మేం తిన్నచోట, ఉన్నచోట కార్డులు తీసుకోలేదు, మతెవాలాలో డ్రా చేసిన 3,000 పెసోలే ఆదుకున్నాయి. గది 900 పెసోలు. గుడిలో సెయింట్ ఫ్రాన్సిస్ విగ్రహం ఉంది, పాంచీతో అని ముద్దుగా పిలుస్తారు, అక్టోబరు 4 పండక్కి వేలమంది వస్తారు. పక్క గది గోడల నిండా రేకుల మీద గీసిన బొమ్మలు. ఆపద తప్పినవాళ్లు మొక్కు తీర్చుకుంటూ పెట్టినవి. ఒక రేకు మీద గుంతలోకి జారుతున్న మనిషి, పైన మబ్బులో సాధువు, కింద వంకర అక్షరాల్లో పేరు, తారీకు. బాపు దాని ముందు ప్యాంటు మోకాలిదాకా ఎత్తి, తన పిక్క మీది మచ్చను తడుముకున్నాడు. చిన్నప్పుడు ఆ మచ్చ ఏంటని అడిగితే సైకిల్ మీంచి పడ్డానని చెప్పేవాడు. ఇప్పుడు నేను అడగలేదు. ఆయనే అన్నాడు, "పక్కోనికి మొక్కు తీర్చుకునే వీలు గాలే బిడ్డా."

22న అదే దారిలో వెనక్కి, రాత్రి సాన్ లూయిస్ పొతొసీలో. 23 ఆదివారం విమానం. బ్యాగులో బాపు కొన్న ఖనిజపు రాయి స్కానర్‌లో కనిపించి ఆపారు. వలెన్సియానాలో ఒక పిల్లాడి దగ్గర 80 పెసోలకు కొన్నది. చూసి వదిలేశారు. డాలస్‌లో ఇమిగ్రేషన్ యాభై నిమిషాలు. విజిటర్ మళ్లీ రావడం గురించి నేను పడిన భయమంతా ఐదు ప్రశ్నల్లో అయిపోయింది. ఇంటికొచ్చాక బాపు ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు చూస్తే పాత తేదీనే ఉంది. మీరూ తప్పకుండా చూసుకోండి, మెక్సికో వెళ్లొస్తే కొత్తగా ఆరు నెలలు వస్తాయనుకుంటే పొరపాటు కావచ్చు.

మొత్తం ఖర్చు ఇద్దరికీ 2,140 డాలర్లు. అందులో విమానాలే 780. మిగతాది హోటళ్లు, బస్సులు, తిండి. అమ్మకు సకతేకస్‌లో కొన్న 925 ముద్ర (వెయ్యిలో 925 పాళ్లు వెండి అని) ఉన్న ఉంగరం 45 డాలర్లు వేరే.

ఆ రాత్రి బాపు ఫోన్లో ఫొటోలు చూశాను. నూటనలభై దాకా ఉన్నాయి. కెథడ్రల్ ఒక్కటీ లేదు. అన్నీ సొరంగాల కప్పులు, గని గోడలు, గాట్ల దుంగ నాలుగు వైపుల నుంచి, చీలికలోని చీకటి. తన పాత షిఫ్టువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నాడు. ఇరవై పెట్టాను. మందమర్రిలో అప్పుడు పొద్దున. రెండు నిమిషాల్లో మొదటి జవాబు వచ్చింది: "సపోర్టులేవిరా?"

బాపు కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు టైపు చేయడం మొదలుపెట్టాడు.